షెల్టర్‌లో అన్నం పెట్టాక మన పని అయిపోయినట్టేనా? (నెల్లూరు–ప్రకాశం చర్చా వేదిక)

తీరం_డ్యూటీ · సోమవారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నేను కావలి వైపు ఒక తీర గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. అక్టోబరు, నవంబరు వచ్చిందంటే మాకు తుఫాను షెల్టర్ డ్యూటీ తప్పదు. మైకులో చెప్పించి జనాన్ని తీసుకురావడం, పులిహోర పొట్లాలు, వాటర్ క్యాన్లు చూసుకోవడం, ఎంతమంది వచ్చారో రాసి మండలం గ్రూపులో పెట్టడం మా పని. తుఫాను దాటాక బియ్యం ఇచ్చి ఇళ్లకు పంపేస్తాం.

ఈమధ్య ట్రైనింగ్‌లో ఒకాయన, మీరు చేసేది సహాయం, రక్షణ అనేది ఇంకొకటి ఉంది అన్నాడు. సూడాన్ క్యాంపులు, మయన్మార్ నుంచి బంగ్లాదేశ్ వచ్చిన రోహింగ్యాల క్యాంపులు చూపించాడు. మావాళ్లకు బోరు కొట్టింది. నాకు మాత్రం ఆ తేడా ఏందో తెలుసుకోవాలనిపించింది, కానీ ఆయన స్లైడ్లలో నాకు దొరకలేదు.

ఈ వేదికలో షెల్టర్లలో తలదాచుకున్నవాళ్లున్నారు, రిజర్వాయర్ కింద ఊరు పోయినవాళ్లున్నారు, యుద్ధం వచ్చి గల్ఫ్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లున్నారు. మిమ్మల్నే అడుగుతున్నా. ఇల్లు వదిలి రావాల్సి వచ్చినప్పుడు తిండి కాకుండా మీకు ఇంకేం కావాల్సి వచ్చింది? ఎవరు ఏం చేసుంటే బాగుండేది?

---

మిరపతోట · సోమవారం రాత్రి 9.31

మేడమ్, మీరు పులిహోర టయానికి పంపించండి చాలు. మిగతావి ఐక్యరాజ్యసమితి చూసుకుంటుంది 😀

---

పాత_ఒంగోలు_ప్లీడరు · సోమవారం రాత్రి 10.05

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. కోర్టు పని మానేశాను కాబట్టి తీరిగ్గా రాస్తాను, విసుగొస్తే దాటేయండి.

చట్టం దృష్టిలో ఇందులో రెండు రకాల మనుషులున్నారు. దేశం సరిహద్దు దాటి పోయినవాళ్లు మొదటి రకం. 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, ఈ ఐదింటిలో దేనివల్లనైనా తనను హింసిస్తారనే భయం, అదీ ఆధారమున్న భయం, ఉండి బయటికొచ్చినవాడు శరణార్థి. అలాంటి మనిషిని ప్రాణభయం ఉన్నచోటికి తిరిగి తోసేయకూడదని ఆ ఒప్పందం 33వ అధికరణం చెబుతుంది. అందులో గుండెకాయ అదే. మన దేశం ఆ ఒప్పందం మీద గానీ, దానికి అనుబంధమైన 1967 ప్రోటోకాల్ మీద గానీ సంతకం పెట్టలేదు.

సొంత దేశంలోనే చెల్లాచెదురైనవాళ్లు రెండో రకం. వీళ్ల కోసం ఐక్యరాజ్యసమితిలో 1998లో మార్గదర్శక సూత్రాలు వచ్చాయి, మొత్తం 30. అందులో యుద్ధాలే కాదు, ప్రకృతి విపత్తులూ ఉన్నాయి. నీ షెల్టర్‌కు వచ్చే జనం వీటి కిందికే వస్తారు. ఇవి ఒప్పందం కావు కాబట్టి కోర్టుకెళ్లి వీటితోనే గెలవలేవు. కానీ ఏది చేయాలి, ఏది చేయకూడదు అని చూసుకోవడానికి ఇంతకంటే మంచి కాగితం నాకు కనపళ్లేదు.

సంఖ్య కూడా చెబుతాను. 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇళ్లు వదలాల్సి వచ్చినవాళ్లు 12 కోట్ల 32 లక్షల మంది అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. అందులో 7 కోట్ల 35 లక్షల మంది సొంత దేశం దాటనివాళ్లే. టీవీలో సరిహద్దు కంచెలు కనిపిస్తాయి కాబట్టి మనకు మొదటి రకమే గుర్తుంటుంది.

---

పాలెం_కుర్రోడు · సోమవారం రాత్రి 11.20

అక్కా, మాది పట్టపుపాలెం. నేను చెప్పేది వింటే నీకు సగం టెన్షన్ తగ్గుద్ది.

మావాళ్లు షెల్టర్‌కు ఎందుకు రారో ఎవురూ సరిగ్గా అడగరు. మొండోళ్లు, తాగుబోతులు అనేసి పోలీసుల్ని తెస్తారు. బోటు, ఇంజను, వలలు కలిపితే మా ఇంటికంటే ఎక్కువ ఖరీదు. అప్పు కూడా దానిమీదే ఉంటది. సముద్రం పైకొస్తే బోటును ఎగలాక్కోవాలి, తాళ్లు మార్చి కట్టాలి. అందుకే ఆడోళ్లనీ పిల్లోళ్లనీ పంపించి మగోళ్లు ఆగిపోతారు. చచ్చేది వాళ్లే.

ఒక ఏడు మా ఊళ్లో ట్రాక్టరు పెట్టి, బోట్లన్నీ ముందురోజే రోడ్డు దాకా లాగించారు. ఇంజన్లు ఊడదీసి స్కూలు గదిలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి పెద్దకాపు దగ్గర ఒకటి, సచివాలయంలో ఒకటి. ఆ ఏడు చీకటి పడకముందే ఊరు మొత్తం ఖాళీ. ఎవురూ లాఠీ ఎత్తలా.

1989లో కావలి దగ్గర దాటిన తుఫాను గురించి మా తాత చెబుతా ఉంటాడు. థాయిలాండ్‌ను కొట్టి, బంగాళాఖాతం మొత్తం దాటుకుని వచ్చిందంట అది. ఆయన ఇప్పటికీ పోయినోళ్ల గురించి తక్కువ, పోయిన వలల గురించి ఎక్కువ మాట్లాడతాడు. వలలు పోతే ఇంకో రెండేళ్లు షావుకారి కింద ఉండాల గదా.

---

పాత_ఒంగోలు_ప్లీడరు · మంగళవారం ఉదయం 6.40

అబ్బాయి చెప్పింది ఆ 30 సూత్రాల్లో 21వది. చెల్లాచెదురైనవాళ్లు వెనక వదిలివచ్చిన ఆస్తిని ధ్వంసం కాకుండా, ఇంకొకరు ఆక్రమించకుండా కాపాడాలి అని. నేను చదివినప్పుడు పొలాలు, ఇళ్లు అనుకున్నాను. ఇంజన్లకు తాళం వేయడం దాని కిందికి వస్తుందని నాకు తట్టలేదు, భలే చేశారు.

---

స్టాఫ్‌నర్స్_గూడూరు · మంగళవారం ఉదయం 7.15

తీరం డ్యూటీ గారూ, నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

రక్షణ అంటే నా లెక్కలో బాత్రూం తలుపుకు లోపలి గడియ. నవ్వకండి. వరదలప్పుడు ఒక స్కూల్లో పెట్టిన క్యాంపుకు మెడికల్ టీంతో వెళ్లాను. ఆడవాళ్లు సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేశారు. ఎందుకంటే బాత్రూములు గ్రౌండుకు ఆ చివర, లైటు లేదు, పక్కనే మగవాళ్లు పేకాట. పొద్దున్నే మంటలు, జ్వరాలని మా దగ్గరికొచ్చారు. యూరిన్ ఇన్ఫెక్షన్‌కు బిళ్లలిచ్చాం. జబ్బు మాత్రం బాత్రూంలోనే ఉంది.

ప్రపంచమంతా సహాయక సంస్థలు వాడే స్ఫియర్ ప్రమాణాలని ఉన్నాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, కప్పు కింద మూడున్నర చదరపు మీటర్ల చోటు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. మొదటి రోజుల్లో ఎలాగూ కుదరదు కాబట్టి 50 మందికి ఒకటైనా ఉండాలి. మగవాళ్లకు ఒకటైతే ఆడవాళ్లకు మూడు. లోపలి గడియ, వెలుతురు కూడా అందులో రాసే ఉంటాయి. మన షెల్టర్లలో ఎక్కువ భాగం చిన్నవి, పైన హాలు, కింద స్తంభాలు, ఓ మూలన రెండు బాత్రూములు. లెక్క ఎప్పటికీ సరిపోదు. కనీసం ఉన్నవి రెండూ రాత్రిపూట ఆడవాళ్లకే వదిలేసి, మగవాళ్లకు బయట తడికలు కట్టించండి.

శానిటరీ ప్యాడ్లు లిస్టులో రాయండి. మండలంలో అడగడానికి మొహమాటపడితే నా పేరు చెప్పండి, నేను తిట్టించుకుంటా.

ఇంకొకటి. బియ్యం పంచే కుర్రాళ్లలో ఒకడు "సాయంత్రం ఒక్కదానివే రా, ఎక్కువ ఇస్తా" అన్నాడని ఒక అమ్మాయి నాతో చెప్పింది. ఇది మన దగ్గరే ఉందనుకోవద్దు. 2002లో పశ్చిమ ఆఫ్రికా క్యాంపుల్లో సహాయం పంచేవాళ్లే ఈ పని చేస్తున్నారని బయటపడి పెద్ద గొడవైంది. మరుసటి ఏడు ఐక్యరాజ్యసమితి తన సిబ్బందికి దీనిమీద గట్టి నిబంధనలే పెట్టింది. కాబట్టి పంచే చోట కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, పంచేది పగలే జరగాలి. ఫిర్యాదు చేయడానికి ఆ ఊరివాడు కాని మనిషి ఫోన్ నంబరు గోడ మీద పెద్దగా రాసి ఉండాలి.

---

తీరం_డ్యూటీ · మంగళవారం ఉదయం 9.02

మేడమ్, గడియ సంగతి ఈరోజే చూస్తా. మా షెల్టర్‌లో ఒక బాత్రూంకు అసలు తలుపే లేదు.

---

పులికాట్_గాలి · మంగళవారం మధ్యాహ్నం 1.48

నేను సూళ్లూరుపేట, తడ వైపు యానాది గిరిజనుల కాలనీల్లో తిరుగుతుంటాను. అక్కా, మీ లిస్టు గురించే నా మాట.

"ఎంతమంది వచ్చారో రాస్తాం" అన్నారు. ఎవరిని రాస్తారు? రేషన్ కార్డు ఉన్నవాళ్లను. కాలవ గట్టు మీద గుడిసె, రొయ్యల గుంట దగ్గర కాపలా, ఈ ఏడు ఈ ఊరు, వచ్చే ఏడు ఇంకో ఊరు. ఆధార్ ఉంటే చిరునామా వేరు, కార్డు ఉంటే పేరు వేరు. తుఫాను దాటాక బియ్యం, డబ్బులు ఇచ్చేటప్పుడు వాళ్లు "ఈ ఊరోళ్లు కాదు." పోయిన గుడిసె ఎవరి రిజిస్టర్‌లోనూ లేదు కాబట్టి అది పోనట్టే. వాళ్లలో కొందరు షెల్టర్ మెట్ల దగ్గరే కూర్చుంటారు, లోపలికి రమ్మన్నా రారు. లోపల ఎవరు ఎక్కడ పడుకోవాలో వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

2004 సునామీలో మన రాష్ట్రంలో వంద మందికి పైగా చనిపోయారు. మన రెండు జిల్లాల్లోనూ పోయారు. అప్పుడు సహాయం సముద్రం ఒడ్డు పాలేలకు బాగానే వచ్చింది, కాదనను. వెనక ఉప్పుకాలవల్లో చేపలు, పీతలు పట్టుకునేవాళ్లు మత్స్యకారుల లెక్కలోకి రాక చాలామంది ఆగిపోయారు.

ఇల్లు పోవడం వీళ్లకు కొత్త కాదు. శ్రీహరికోటలో 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్నాయి. అంతకుముందు ఆ అడవి యానాదులది. తేనె, దుంపలు, మందుచెట్లు అన్నీ అక్కడే. రాకెట్ల మీద నాకూ గర్వమే. కానీ దీవి ఖాళీ చేసి వచ్చినవాళ్ల మనవలు ఇవాళ్టికీ చిరునామా కాగితం కోసం తిరుగుతున్నారు.

20వ సూత్రం కూడా ఇదే, ప్లీడరు గారు చెబుతారు. పోయిన కాగితాలు ప్రభుత్వమే మళ్లీ ఇవ్వాలి, అర్థంలేని షరతులు పెట్టకుండా. అసలు కాగితమే లేనివాడికి షెల్టర్ రిజిస్టర్‌లో మీరు రాసే పేరే మొదటి కాగితం అవుతుంది. కార్డు నంబరు గడి ఖాళీగా ఉన్నా పేరు రాయండి.

---

మిరపతోట · మంగళవారం మధ్యాహ్నం 2.20

ఇదే నేను ఒప్పుకోను. కార్డు లేకుండా పేర్లు రాస్తే పక్క మండలం నుంచి కూడా వచ్చి రాయించుకుంటారు. మా కందుకూరు దగ్గర అదే జరిగింది, ఒక కుటుంబం మూడు చోట్ల బియ్యం తీసుకుంది. ఆఖరికి నష్టపోయింది నిజంగా మునిగినోడే.

---

పులికాట్_గాలి · మంగళవారం మధ్యాహ్నం 2.41

అన్నా, మూడు చోట్ల తీసుకున్నవాళ్లకు కార్డు లేదా, ఉందా? ఉండే ఉంటుంది. దొంగ లెక్కలు కాగితాలున్నవాళ్లే రాయిస్తారు. కాగితం లేనివాడికి లైన్లో నిలబడే ధైర్యమే ఉండదు.

---

కువైట్_వాళ్లబ్బాయి · మంగళవారం రాత్రి 8.55

ఉదయగిరి వైపు మాది. కాగితం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి మా నాన్న కథ రాస్తాను.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి వచ్చినప్పుడు నాన్న అక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. సేట్ కుటుంబం రాత్రికి రాత్రే సౌదీకి వెళ్లిపోయింది. నాన్న జీతం, పాస్‌పోర్టు రెండూ సేట్ దగ్గరే. తెలిసినవాళ్లు పాస్‌పోర్టు వెతికి తెచ్చిచ్చారు. తర్వాత బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు. ఎడారిలో టెంట్లు, పగలు కాలే ఇసుక, రాత్రి చలి, నీళ్ల ట్యాంకర్ దగ్గర కొట్లాటలు. అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి. లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయుల్ని అలా తీసుకొచ్చారు. సినిమా కథలా చెప్పుకుంటారు గానీ, బొంబాయిలో దిగిన మనిషి జేబులో రైలు టికెట్‌కు డబ్బుల్లేవు. ఊళ్లోకి వచ్చాక మొదట పలకరించింది అప్పిచ్చినాయనే.

అసలు విషయం తర్వాత జరిగింది. ఇరాక్ నుంచి నష్టపరిహారం వసూలు చేయడానికి ఐక్యరాజ్యసమితి 1991లో జెనీవాలో ఒక కమిషన్ పెట్టింది. ఇరాక్ నూనె అమ్మకాల్లో కొంత భాగం దానికి పోయేది. కువైట్ వదిలి రావాల్సి వచ్చిన మామూలు పనివాడు కూడా క్లెయిము వేసుకోవచ్చు. ఒక్కడికి 2,500 డాలర్లు, ఇంకే రకం క్లెయిమూ వేయనని ఒప్పుకుంటే 4,000. పెద్ద కంపెనీల క్లెయిముల కంటే ఇలాంటి చిన్నవాళ్లవి ముందు తేల్చారు. 2022 జనవరిలో చివరి కిస్తీతో ఆ కమిషన్ మొత్తం 5,240 కోట్ల డాలర్లు కట్టేసింది. ప్రపంచంలో ఇళ్లు వదిలినవాళ్లకు ఇంత పద్ధతిగా నష్టం కట్టించింది ఇంకోటి ఉంటే చెప్పండి.

నాన్నకు డబ్బులు వచ్చాయి. ఆలస్యంగానే, కానీ వచ్చాయి. చెల్లెలి పెళ్లి అయింది. ఆయనతో పాటే ఒకే టెంట్‌లో ఉన్న మా ఊరాయనకు రాలేదు. ఫారం నింపాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు, తెలిసేసరికి గడువు దాటింది. పాస్‌పోర్టు కూడా చెదలు తినేసింది.

అందుకని తీరం డ్యూటీ గారూ, నన్నడిగితే మీరు బియ్యంతో పాటు ఒక చీటీ కూడా ఇవ్వాలి. ఏ తేదీన వచ్చారు, ఎన్ని రోజులున్నారు, ఇంట్లో ఏం పోయిందన్నారు, మీ సంతకం, సీలు. ఆ చీటీ విలువ అప్పటికప్పుడు తెలియదు.

---

పాలెం_కుర్రోడు · మంగళవారం రాత్రి 9.30

ఇది కరెక్ట్ అన్నా. మాకు బోటు నష్టం రాయించుకోడానికి ఆఫీసరు వచ్చేసరికి నెల దాటుద్ది. అప్పటికి విరిగిన బోటు ముక్కలు పొయ్యిలోకి పోయుంటయ్. సాక్ష్యం ఏదంటాడు. ఫోనులో ఫొటో తీసి తేదీతో పెడితే ఒప్పుకుంటారా?

---

తీరం_డ్యూటీ · మంగళవారం రాత్రి 9.44

ఒప్పుకునేలా చేయొచ్చు తమ్ముడూ. తుఫానుకు ముందే బోట్ల ఫొటోలు, రిజిస్ట్రేషన్ నంబర్లతో తీసి పెడతాం. ముందూ వెనకా రెండూ ఉంటే ఆఫీసరు కాదనలేడు. ఇది నా ఫోన్‌తోనే అయ్యే పని.

---

ముంపు_గ్రామం · బుధవారం ఉదయం 10.12

మార్కాపురం వైపు వెలిగొండ ప్రాజెక్టు ముంపు గ్రామం మాది. అందరూ తుఫాను గురించి మాట్లాడుతున్నారు. తుఫాను వచ్చి పోతుంది. మాది ఎప్పుడో వస్తుందని చెప్పి ఏళ్లతరబడి కూర్చోబెట్టిన వరద.

శంకుస్థాపన 1996లో ఒకసారి, 2004లో ఇంకోసారి. ప్రాజెక్టు వద్దని మాలో ఎవరూ అనలేదు, అది కూడా రాసుకోండి. కరువు ప్రాంతం మాది, ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు వంకరపోయినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. కృష్ణా నీళ్లు రావాలి. కానీ ముంపు ఊరని పేరు పడ్డాక ఏమవుతుందో బయటివాళ్లకు తెలియదు. కొత్త ఇల్లు ఎలాగూ పోతుందని ఎవరూ కట్టుకోరు. బ్యాంకు అప్పివ్వదు. "ముంపు ఊరికా పిల్లనిచ్చేది" అంటారు. భూసేకరణ మొదలైనప్పుడు పలక పట్టుకుని బడికి పోయిన పిల్లలకు ఇప్పుడు పెళ్లిళ్లయి పిల్లలున్నారు. కటాఫ్ తేదీకి పద్దెనిమిదేళ్లు నిండలేదని వాళ్లను వేరే కుటుంబంగా లెక్కపెట్టలేదు. మా గొడవ చాలావరకు ఈ తేదీ మీదే.

2013 భూసేకరణ చట్టం వచ్చాక పునరావాసం కూడా హక్కే అన్నారు. కాలనీ వేసి ఇస్తారు సరే. మేకలు ఎక్కడ మేయాలి? నల్లమల అంచున బతికినవాళ్లం. రోడ్డు పక్క సెంట్లలెక్క స్థలంలో మేకను కట్టేస్తే అది ఎన్నాళ్లుంటుంది?

మమ్మల్ని నిర్వాసితులంటారు, సూడాన్ వాళ్లను శరణార్థులంటారు. ప్లీడరు గారు చెప్పిన సూత్రాల్లో మేమున్నామా లేమా?

---

పాత_ఒంగోలు_ప్లీడరు · బుధవారం ఉదయం 11.30

ఉన్నారు. 6వ సూత్రం చూడండి. అత్యవసరమైన ప్రజాప్రయోజనం లేని పెద్ద ప్రాజెక్టుల పేరుతో జనాన్ని వెళ్లగొట్టడం ఏకపక్షం, అది కుదరదు అంటుంది. వెలిగొండ విషయంలో ప్రజాప్రయోజనం లేదని మీరే అనడం లేదు కాబట్టి మీ వాదన 7వ సూత్రం మీద నిలబడుతుంది. ఖాళీ చేయించే ముందు వేరే దారులన్నీ చూశారా, పూర్తి సమాచారం ఇచ్చారా, కొత్తచోటు ఎంపికలో పోయేవాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను, కలుపుకున్నారా అని. కోర్టులో మాత్రం 2013 చట్టం, దాని షెడ్యూళ్లే పట్టుకోండి. మేకల మేత సంగతి జీవనోపాధి కింద రాయించండి, "ఇతర సమస్యలు" కింద రాయిస్తే ఎవరూ చదవరు.

కటాఫ్ తేదీ గురించి నా సొంత అభిప్రాయం: ఖాళీ చేయించే రోజు ఆలస్యమైతే తేదీ కూడా జరగాలి. ఆలస్యం చేసింది ఊరివాళ్లు కాదు.

---

మిరపతోట · బుధవారం మధ్యాహ్నం 3.15

వెలిగొండ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు న్యాయం. మనవాళ్లు. కానీ ఈ ముసుగులో రోహింగ్యాలను కూడా తెచ్చి కలపొద్దు. మన ఊరోడికే పట్టా ఇవ్వలేని దేశం పక్క దేశాలోళ్లను మోయాలా? ఐరోపావాళ్లు, అమెరికావాళ్లు డబ్బున్నోళ్లు, వాళ్లు తీసుకోవచ్చు గదా.

---

కువైట్_వాళ్లబ్బాయి · బుధవారం మధ్యాహ్నం 3.40

జోర్డాన్ వాళ్లు 1990లో ఇలాగే అనుకుంటే మా నాన్న ఎడారిలోనే ఉండేవాడు. జోర్డాన్ ఏమీ ధనిక దేశం కాదు బ్రదర్.

---

పులికాట్_గాలి · బుధవారం సాయంత్రం 5.05

మిరపతోట అన్నా, డబ్బున్నోళ్లు తీసుకోవాలన్నది మంచి మాటే, కానీ జరగడం లేదు. 2024 చివరి లెక్కలో శరణార్థుల్లో 73 శాతం మంది పేద, మధ్య ఆదాయ దేశాల్లోనే ఉన్నారు. 67 శాతం మంది పక్క దేశం దాటి పోలేదు. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో సైన్యానికీ, పారామిలిటరీకీ యుద్ధం మొదలైతే జనం పోయింది చాద్, ఈజిప్టు, దక్షిణ సూడాన్ లాంటి చోట్లకి. 2024 చివరికి మొత్తం కోటీ నలభై మూడు లక్షల మంది ఇళ్లు వదిలారు, మన పాత రెండు జిల్లాల జనాభాకు రెట్టింపు అనుకోండి.

ఉగాండాలో శరణార్థి పని చేసుకోవచ్చు, తిరగొచ్చు, సాగుకు కొంత నేల ఇస్తారు. 2006లో చట్టమే చేశారు. బంగ్లాదేశ్ 2017లో కొన్ని నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలను రానిచ్చింది. అది చిన్న విషయం కాదు. కానీ బయట పని చేయనివ్వలేదు. దాంతో వాళ్లు పూర్తిగా రేషన్ మీదే బతకాలి. 2023లో ప్రపంచ ఆహార కార్యక్రమానికి డబ్బులు చాలక మనిషికి నెలకు 12 డాలర్లున్న రేషన్‌ను 10కి, తర్వాత 8కి తగ్గించారు. 8 డాలర్లంటే అప్పటి లెక్కలో ఏడొందల రూపాయలకు లోపు. నెలంతటికీ. పని చేసుకోనిస్తే ఇంత దూరం రాదు గదా.

మన పక్కనే చూడండి. తడ దాటితే గుమ్మిడిపూండి, అక్కడ శ్రీలంక తమిళుల క్యాంపు ఉంది. 1983 తర్వాత పడవల్లో వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. తమిళనాడు మొత్తంలో ఇలాంటి క్యాంపులు వందకు పైగా, జనం అర లక్షకు పైగా ఉన్నారు. పెయింటింగ్ పనికి మన నాయుడుపేట దాకా వస్తారు. మంచి పనివాళ్లు. వాళ్లకు నెలనెలా డబ్బు, రేషన్, చదువు అన్నీ ఆ ప్రభుత్వం ఇస్తుంది, 2021లో పునరావాస శిబిరాలని పేరు కూడా మార్చింది. ఇక్కడే పుట్టిన పిల్లల్లో ఎక్కువమందికి మాత్రం పౌరసత్వం లేదు. డిగ్రీ చదివి పాస్‌పోర్టు లేక, ప్రభుత్వ ఉద్యోగం లేక పెయింట్ బ్రష్ పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

---

పాత_ఒంగోలు_ప్లీడరు · బుధవారం రాత్రి 7.50

చట్టం స్థితి మాత్రం చెప్పి ఊరుకుంటాను, రాజకీయం మీరు చూసుకోండి.

అప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి అరుణాచల్‌లో ఉంటున్న చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు, పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ రాజ్యం కాపాడాలని తేల్చింది. అరుణాచల్‌లో వాళ్లను బలవంతంగా వెళ్లగొట్టనివ్వకుండా ఆపింది. 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులో అదే కోర్టు, రాజ్యాంగంలో సమానత్వం, ప్రాణ స్వేచ్ఛల గురించి చెప్పే 14, 21 అధికరణాలు అందరికీ వర్తిస్తాయి గానీ, దేశం నుంచి పంపేయకుండా ఉండే హక్కు పౌరులకే ఉన్న నివాస హక్కుతో ముడిపడిందని చెప్పింది. చట్టప్రకారం పద్ధతి పాటించి పంపొచ్చంది. శరణార్థులకంటూ మనకు చట్టం లేదు. 2025లో వచ్చిన వలస, విదేశీయుల చట్టంలోనూ ఆ మాట లేదు. కాకపోతే 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే ఎవరికి నీడ దొరుకుతుందనేది అప్పటికప్పుడు ఇచ్చే ఉత్తర్వును బట్టి ఉంటుంది. నలభై ఏళ్లుగా చట్టం చేయకపోవడం నాకు నచ్చని విషయం. తీసుకోవాలా వద్దా అన్నది పార్లమెంటు ఇష్టం, కానీ రాసుకుని చేయొచ్చుగా.

---

మిరపతోట · బుధవారం రాత్రి 8.20

రాసుకుని చేయాలన్నదానికి నేను కూడా ఓకే సార్. లెక్క ఉండాలన్నదే నా బాధ కూడా.

---

నిర్వాహకుడు · బుధవారం రాత్రి 8.45

మతం పేరెత్తి తిట్టిన మూడు కామెంట్లు తీసేశాం. రోహింగ్యాల మీద ఇంకా మాట్లాడాలనుకునేవాళ్లు వేరే థ్రెడ్ తెరవండి. ఇది షెల్టర్ల సంగతి.

---

స్టాఫ్‌నర్స్_గూడూరు · గురువారం ఉదయం 6.30

పిల్లల గురించి ఎవరూ అడగలేదు. 2021 నవంబరులో సోమశిల డ్యామ్ నుంచి ఒక్కసారిగా ఐదు లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు గుర్తుందా? పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, నెల్లూరులో వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ మునిగాయి. ఆ గందరగోళంలో తల్లి ఒక క్యాంపులో, పిల్ల బంధువులతో ఇంకో క్యాంపులో ఉన్నవి నేనే చూశాను. అలా ఒంటరిగా కనిపించిన పిల్లల్ని "మంచి కుటుంబం, తీసుకెళ్తామంటున్నారు" అని ఎవరికీ అప్పజెప్పొద్దు. ఎంత మంచివాళ్లయినా సరే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, పేరు, ఎక్కడ దొరికారో, ఏం బట్టలేసుకున్నారో రాసి, వాళ్లు వచ్చేదాకా పిల్లల్ని మీ దగ్గరే ఉంచండి. రెడ్‌క్రాస్‌కు విడిపోయిన కుటుంబాల్ని కలిపే పని ప్రపంచమంతా ఉంది. మన నెల్లూరు రెడ్‌క్రాస్ వాళ్లను ముందే కలిసి మాట్లాడి పెట్టుకోండి.

అలాగే ఫొటోలు. బియ్యం సంచి అందుకుంటున్న మనిషి మొహం, నాయకుడి మొహం, మధ్యలో బ్యానర్. ఆపండి. మొగుడు కొడితే పారిపోయి వచ్చి, తుఫాను పేరు చెప్పుకుని షెల్టర్‌లో ఉన్న ఒకామె ఫొటో గ్రూపులో పెట్టారు. మర్నాడు అతను వచ్చేశాడు.

---

తీరం_డ్యూటీ · గురువారం మధ్యాహ్నం 1.10

అందరికీ థాంక్స్. రిజిస్టర్ గడులు మారుస్తున్నా. కార్డు నంబరు మొదటి గడిలో ఉండేది, చివరికి జరిపాను, ఖాళీగా వదలొచ్చు. పేరు, ఎక్కడి నుంచి వచ్చారు, వెంట ఎవరున్నారు, రాకుండా ఆగిపోయినవాళ్లు ఎవరు, వెనక ఏం వదిలారు. చీటీకి మా కార్యదర్శి గారు సీలు వేస్తామన్నారు. "కానీ ఇది పరిహారానికి హామీ కాదు అని కింద రాయి" అన్నారు, రాస్తాను.

ఫొటోల విషయంలో నాకు చిక్కుంది. తీసిన చోటు చూపించే జియోట్యాగ్ ఫొటో అప్‌లోడ్ చేయకపోతే బిల్లు పాసవదు. ఏం చేయాలి?

---

స్టాఫ్‌నర్స్_గూడూరు · గురువారం మధ్యాహ్నం 1.35

వెనక నుంచి తీయండి. సంచులు, లైను, బోర్డు పడితే చాలు. మా క్యాంపుల్లో అలాగే పంపాం, ఎవరూ తిప్పి పంపలేదు.

---

ముంపు_గ్రామం · గురువారం సాయంత్రం 4.00

మేడమ్, మీ చీటీ నమూనా ఇక్కడ పెట్టండి. మా ఊళ్లో ఎవరెవరు ఉన్నారు, పిల్లల వయసెంత అని మేమే గ్రామసభలో రాసుకుని సంతకాలు పెట్టుకుందాం అనుకుంటున్నాం. అధికారులు చేసే సర్వేకు పక్కన మాదీ ఒకటి ఉంటుంది.

---

పాత_ఒంగోలు_ప్లీడరు · గురువారం సాయంత్రం 4.25

తప్పకుండా చేయండి. ప్రతి పేజీకి నంబరు వేయండి, కొట్టివేతలుంటే పక్కన పొడి సంతకం. రెండు కాపీలు తీసి ఒకటి కలెక్టరేట్‌లో ఇచ్చి, రశీదు తీసుకోండి. రశీదు లేని అర్జీ అర్జీ కాదు.

---

పాలెం_కుర్రోడు · గురువారం రాత్రి 10.50

అక్కా, రిజిస్టర్ బాగుంది. మీ షెల్టర్ జనరేటర్ పనిచేస్తా ఉందా? మా దాంట్లో డీజిల్ పోసినా స్టార్ట్ కాలా పోయినసారి. కరెంటు పోతే గడియ పెట్టుకున్నా చీకటే గదా, ముందు అది చూపించు. మెకానిక్ కావాలంటే మా బోటు ఇంజన్లు చేసేటాయన ఉండాడు, పంపిస్తా.